తొమ్మిదో ప్రశ్న

మార్చి 4

టైలరమ్మ పోయింది. తనంతట తనే.

ఉదయం ఓపీ మొదలయ్యే ముందు ఆవిడ భర్త ఫోన్ చేశాడు. "సిస్టర్, గురువారం అపాయింట్‌మెంటు రద్దు చేసెయ్యండి" అన్నాడు. ఎందుకని అడిగాను. చెప్పాడు. రద్దు చేశాను. రిజిస్టర్లో ఆవిడ పేరు మీద గీత కొట్టి, స్కేలు పెట్టి మరీ కొట్టి, తర్వాతి పేషెంటుని పిలిచాను.

మార్చి 5

ఏమీ రాయాలని లేదు.

మార్చి 7

మా ఆయన చనిపోయిన ఏడాది కొన్న డైరీ ఇది. అప్పుడు మూడు పేజీలు రాసి పడేశాను. నాలుగేళ్ళ తర్వాత అటక మీది నుంచి తీశాను. పైన అచ్చేసిన తేదీలు కొట్టేసి నావి రాసుకుంటున్నాను. కొత్తది కొనొచ్చు కదా అని అత్తయ్య అంది. ఎవరు చూడొచ్చారు, నా ఏడుపు నాది.

ఇవాళ గురువారం. ఆవిడ రావలసిన రోజు.

మొదటిసారి వచ్చినప్పుడు తల దువ్వుకోలేదు. కుర్చీలో కూలబడింది. నేను అడిగిన ప్రతిదానికీ భర్త వైపు చూసింది. పెద్ద డాక్టరు మాత్ర మొదలుపెట్టారు. కొత్త పేషెంటు ఇంటివాళ్ళకి ఆయన చెప్పే మాటలు నాకు కంఠతా వచ్చు. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనం ఉంటుంది, కబురు చేరగానే పంపిన కణమే దాన్ని వెనక్కి పీల్చేసుకుంటుంది, ఈ మాత్ర ఆ పీల్చుకోవడాన్ని ఆపుతుంది. ఆపడం మొదటి రోజే మొదలవుతుంది. మనసు తేరుకోవడానికి మాత్రం నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు. ఎందుకంత ఆలస్యమంటే తనకీ పూర్తిగా తెలియదంటారు, అక్కడ కాస్త నవ్వుతారు. నవ్వాక గొంతు తగ్గిస్తారు. "కొందరికి ఇది ముందు కాళ్ళకి ఎక్కుతుందమ్మా, తర్వాతే మనసుకి. లేచి తిరిగే ఓపిక వస్తుంది, చావాలన్న ఆలోచన మాత్రం అక్కడే ఉంటుంది. ఆ మధ్య రోజుల్లో కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసుకోండి."

ఈ మాట నేను వెయ్యి సార్లు విన్నాను. ఆయన ఊళ్ళో లేనప్పుడు నేనే చెప్పాను.

మూడో వారం టైలరమ్మ ఒక్కతే వచ్చింది. శుభ్రంగా తల దువ్వుకుంది. నా యూనిఫాం జేబు కుట్టు ఊడి ఉంటే చూసి, సంచిలోంచి సూది తీసి అక్కడికక్కడే కుట్టింది. "అందరి బట్టలూ ఇచ్చేశాను సిస్టర్. ఒక్కటి కూడా మిగల్లేదు" అంది. "చెప్పిన రోజుకి బట్టలిచ్చిన టైలర్ని మిమ్మల్నే చూస్తున్నాను" అన్నాను. ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను.

తొమ్మిది ప్రశ్నల కాగితం తీశాను. నిద్ర, ఆకలి, అలసట, అన్నీ అడిగాను. తొమ్మిదోది చావు గురించి. అది ఎలా అడిగానో బాగా గుర్తుంది. తల ఎత్తకుండా, ముందు ప్రశ్నకి టిక్కు పెడుతూ, "చచ్చిపోవాలనే ఆలోచనలు అవీ ఏమీ లేవుగా?" అని అడిగాను. "లేవు సిస్టర్" అంది. బయట పదిహేడు మంది ఉన్నారు. "పనిలో పడింది, మెరుగు" అని రాసి, "తక్కువ ప్రమాదం" గడిలో గుర్తు పెట్టాను.

ఏ టైలరు దగ్గరైనా కుట్టవలసిన బట్టలు ఒక్కటీ లేకుండా ఉంటాయా? కొత్తవి ఏమైనా తీసుకున్నారా అని ఒక్క మాట అడగలేకపోయాను. అది పనిలో పడటం కాదు. కొట్టు కట్టేయడం.

మార్చి 8

ఆ జేబు కుట్టు విప్పేద్దామనుకున్నాను. విప్పలేదు.

మార్చి 12

విచారణ. నలుగురు కూర్చున్నారు, బిస్కెట్లు పెట్టారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. నేను నింపిన కాగితం చేతులు మారింది. అన్ని గడులూ నిండి ఉన్నాయి, సంతకం ఉంది, తేదీ ఉంది. నియమాల ప్రకారం వారం మందే ఇచ్చారు, అదీ రాసి ఉంది. సూపరింటెండెంటు "ఫారంలో లోపమేమీ లేదు సిస్టర్, మీరు మనసులో పెట్టుకోవద్దు" అన్నారు.

ఫారం బాగానే ఉంది. మనిషే లేదు.

ఎవరైనా తిడతారేమోనని చూశాను. ఒక్కరూ తిట్టలేదు.

మార్చి 15

పెద్ద డాక్టరు గదిలోకి పిలిచారు.

"ఎన్నాళ్ళ నుంచి నిద్రపోవట్లేదు సిస్టర్?"

"బాగానే పోతున్నాను సార్."

"పొద్దున్న ఒకే పేషెంటుకి మూడు సార్లు బీపీ చూశారు. ఆయన నన్నడిగాడు, నాకేమైనా పెద్ద జబ్బా అని."

తొమ్మిది ప్రశ్నల కాగితం నా ముందుకి తోసి, ఫోన్ వస్తే తీసుకున్నారు. నేనే నింపుకున్నాను. నిద్ర దగ్గర నిజం రాశాను, ఆకలి దగ్గర సగం నిజం. తొమ్మిదో గడి మాత్రం చెయ్యి దానంతటదే నింపేసింది: లేదు.

మాత్ర రాశారు. వారం సగం, తర్వాత నిండుది. మందుల కౌంటరులో ఉండే అతను నన్ను చూసి ఇబ్బంది పడ్డాడు, చీటీ మీద పేరు రెండు సార్లు చదివాడు. వారానికే ఇచ్చాడు. నియమం నాకూ వర్తిస్తుందట. నవ్వొచ్చింది.

"ఇంట్లో ఎవరుంటారు?" అని డాక్టరు అడిగారు. అత్తయ్య అన్నాను. ఆవిడ చెవిన వెయ్యమన్నారు. అలాగే సార్ అన్నాను.

చెప్పాలి. రేపు చెబుతాను.

మార్చి 17

కడుపులో తిప్పుతోంది. నోరు ఎండిపోతోంది. ఇవి వస్తాయని నేను పేషెంట్లకి చెప్పేటప్పుడు "కొంచెం" అనేదాన్ని. కొంచెం కాదు.

మార్చి 18

సింకు దగ్గర వాంతి చేసుకుంటుంటే అత్తయ్య చూసింది. "ఈ వికారాలు చూస్తే ఎవరైనా ఏమనుకుంటారే!" అని తనే నవ్వి, తనే కళ్ళు ఒత్తుకుంది. ఆవిడ హాస్యానికి హద్దూ అదుపూ లేవు. కొడుకు చనిపోయిన ఏడాది కూతురు వచ్చి తనతో తీసుకుపోతానంటే, "అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటారు, దీన్ని అంత ఉత్తమురాల్ని చెయ్యడం నాకిష్టం లేదు" అని ఇక్కడే ఉండిపోయింది.

మాత్రల గురించి చెప్పలేదు. బీపీ ఉన్న మనిషి. కంగారు పెట్టడం ఎందుకు.

మార్చి 22

నిండు మాత్ర. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి.

మార్చి 25

ఓపీలో ఒకావిడ తొమ్మిదో ప్రశ్నకి "ఉంది" అంది. రాసుకున్నాను, డాక్టరు దగ్గరికి పంపాను, ఆవిడ అక్కకి ఫోన్ చేశాను. అన్నీ సరిగ్గానే చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

మార్చి 27

ఏమీ లేదు.

మార్చి 28

నిన్న రాసింది చదివాను. ఏమీ లేదు అంటే ఏమీ జరగలేదని కాదు.

మార్చి 30

పొద్దున్నే లేచి మంచం మీద కూర్చుని, చెప్పులు వేసుకోవడం ఎలాగో అర్థం కానట్టు వాటి వైపు చూస్తూ ఉండిపోయాను. అత్తయ్య టీ తెచ్చి పెట్టింది. చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేసి తెచ్చింది. మళ్ళీ చల్లారింది. మూడోసారి తెచ్చినప్పుడు నా ఎదురుగా కూర్చుని తాగించింది. నేనుంటే ఆవిడకి ఒక పని ఎక్కువ. నేను లేకపోతే ఆడపడుచు దగ్గర హాయిగా ఉంటుంది. ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా జవాబు ఒకటే వస్తోంది.

పై వాక్యం కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తూనే ఉంది.

ఏప్రిల్ 1

ఇవాళ అలారం కంటే ముందు లేచాను! స్నానం చేసి, తల దువ్వుకుని, వంట చేసి, అత్తయ్య లేచేసరికి టీ ఆవిడ చేతికే ఇచ్చాను. "పొద్దు పడమట పొడిచిందా ఏం?" అంది.

వార్డులో నెల రోజుల చార్టులు పెండింగు ఉంటే మధ్యాహ్నానికల్లా ముగించాను.

ఏప్రిల్ 2

వంటింటి అలమరా సర్దాను. ప్రతి డబ్బా మీదా పేరు రాసి అంటించాను, పెద్ద అక్షరాలతో, అత్తయ్యకి కనిపించేలా. ఆవిడ బీపీ మాత్రలకి వారం గడుల పెట్టె కొన్నాను. పొద్దున, సాయంత్రం ఏది వేసుకోవాలో అట్ట మీద రాసి గోడకి పెట్టాను. ఇన్నాళ్ళూ నేనే చేతికిచ్చేదాన్ని. ఎవరికి వాళ్ళు నేర్చుకోవాలి కదా.

చిన్న సిస్టర్‌కి వార్డు రిజిస్టరు, తాళాల వరస, సెలవుల పట్టిక నేర్పించాను. "మీరుండగా నాకెందుకు సిస్టర్ ఇవన్నీ?" అంది. బంగారం లాంటి పిల్ల. ఆర్నెల్లే అయింది చేరి, అయినా ఒకసారి చెబితే చాలు.

ఏప్రిల్ 3

ఆయన చొక్కాలు ఇచ్చేశాను. నాలుగేళ్ళుగా బీరువాలో ఉన్నాయి. వార్డులో బట్టల్లేకుండా వచ్చేవాళ్ళ కోసం పెట్టిన డబ్బాలో వేశాను. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

మనసు ఎంత తేలిగ్గా ఉందో! మందు పనిచేస్తోంది.

ఏప్రిల్ 4

అత్తయ్యతో చిన్న మాటా మాటా.

"ఏమే అమ్మాయ్, ఎక్కడికైనా ప్రయాణమా?"

"లేదత్తయ్యా. ఎక్కడికి?"

"అదే నేనూ అడుగుతున్నా. ఇల్లంతా సర్దుతున్నావు, పెట్టె మాత్రం సర్దుకోవడం లేదు."

"ఎండాకాలం వచ్చింది కదా, దులుపుతున్నాను."

"నా కొడుకు చొక్కాలు నన్నో మాట అడక్కుండా ఇచ్చేశావు. కోపమొస్తుందనుకున్నా. రాలేదు. భయమేసింది. ఎందుకేసిందో నువ్వు చెప్పు."

"మీకు బీపీ పెరిగి ఉంటుంది. చూస్తానుండండి."

చూశాను. నిజంగానే పెరిగింది. చెయ్యి నుంచి పట్టీ విప్పుతుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. వదల్లేదు. "ఏమైందో చెప్పవే" అంది. డ్యూటీకి టైమైపోతోందని విడిపించుకుని వచ్చేశాను. నిజంగానే టైమైపోతోంది.

ఏప్రిల్ 5

వారం వారం రివ్యూ. కాగితం చిన్న సిస్టర్ నింపింది. నా ఎదురుగా కూర్చుని సిగ్గుపడుతూ అడిగింది. "నిద్ర?" బాగుంది. "ఆకలి?" బాగుంది. "పనిలో ఆసక్తి?" ఫక్కున నవ్వాం ఇద్దరం. "మిమ్మల్ని పట్టుకుంటే మేమే అలిసిపోతున్నాం సిస్టర్. తొమ్మిదోది అడగనక్కర్లేదులెండి, పెట్టేస్తున్నా" అని గుర్తు పెట్టేసింది.

పెట్టించుకున్నాను.

పెద్ద డాక్టరు హడావిడిలో ఉన్నారు. కాగితం చూసి "భేష్" అన్నారు.

ఏప్రిల్ 6, ఉదయం

శనివారం. రేపు అత్తయ్య మా ఆడపడుచు ఇంటికి వెళుతుంది. సాయంత్రం దాకా రాదు. ఆడపడుచుకి ఫోన్ చేసి నేనే ఏర్పాటు చేశాను.

అన్నీ అయిపోయాయి.

ఏప్రిల్ 6, మధ్యాహ్నం, వార్డు వెనక గది

ఇది రాయాలి, రాయకపోతే ఇది కూడా నేనే కల్పించుకున్నానని రేపు అనుకుంటాను.

పదకొండింటికి టోకెను నంబరు ఇరవై రెండు పిలిచాను. టైలరమ్మ భర్త వచ్చాడు. పుస్తకాల బైండింగు పని చేస్తాడు, వేళ్ళకి ఎప్పుడూ జిగురు మరకలుంటాయి. ఇవాళ శుభ్రంగా ఉన్నాయి. అరవడానికి వచ్చాడనుకున్నాను. నెల రోజులుగా ఆ అరుపు కోసమే చూస్తున్నానని అప్పుడు తెలిసింది. పక్కకి జరిగి కుర్చీ చూపించాను.

"మా ఆవిడని అడిగారే, ఆ ప్రశ్నలు నన్నూ అడగండి సిస్టర్."

"మీకెందుకండీ?"

"ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలీదు. నేనేం చెబుతానో చూద్దామని."

కాగితం తీశాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా అడిగాను. అన్నిటికీ టకటకా చెప్పాడు. తొమ్మిదో దాని దగ్గర నా నోట్లోకి పాత మాటే వచ్చింది, 'ఏమీ లేవుగా' అన్నది. మింగేశాను. పెన్ను కింద పెట్టాను. అతని మొహం చూసి అడిగాను. "ఈ రెండు వారాల్లో చచ్చిపోవాలని అనిపించిందా?"

"అనిపించిందమ్మా. రోజూ."

తర్వాత అతనే అడిగాడు. "ఆవిడని అడిగినప్పుడు కూడా ఇలా మొహం చూశారా?"

"లేదు."

"చూసుంటే చెప్పేదా?"

"తెలీదండీ. చెప్పేదేమో. నేను చూడలేదు. తప్పు నాదే."

ఈ మాట విచారణలో నలుగురి ముందు రాలేదు. అతని ముందు వచ్చింది. అతను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. తల ఊపాడు, అంతే. అప్పుడు టైలరమ్మని అడగని మాట అతన్ని అడిగాను. "ఇంట్లో పనులు ఏమైనా ముగించేస్తున్నారా? ఎవరికైనా ఏమైనా ఇచ్చేశారా?"

"కుట్టు మిషను పక్క వీధిలో ఒకమ్మాయికి ఇచ్చేశాను. పిల్లిని ఎదురింటి వాళ్ళకి అప్పజెప్పాను. కొట్టు తాళాలు మా తమ్ముడికి ఇచ్చాను." ఇంకేమైనా ఉందా అన్నట్టు ఆలోచించుకున్నాడు. "అన్నీ అయిపోయాయి" అన్నాడు.

పొద్దున్న నేను పైన రాసుకున్న మాటే. అక్షరం తేడా లేదు.

అతన్ని చూస్తుంటే నాకు భయం వేసింది, మొన్న అత్తయ్యకి వేసిందే అనుకుంటాను. అతను లేచి వెళ్ళిపోతాడేమోనని భయం. చెయ్యి పట్టుకున్నాను. పేషెంటు చెయ్యి అలా పట్టుకోవడం పద్ధతి కాదు. పట్టుకునే డాక్టరు గదికి నడిపించుకుపోయాను, ఇరవై మందిని దాటించి. అందరూ గొణిగారు. అతని తమ్ముడికి ఫోన్ చేస్తే గంటలో వచ్చాడు. అడ్మిషను రాశారు. పురుషుల వార్డు తలుపు దాకా వెళ్ళి అప్పగించి వచ్చాను. తలుపు మూసుకునేటప్పుడు అతను "మిమ్మల్ని ఎవరు అడుగుతారమ్మా ఇవన్నీ?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

డాక్టరు గదికి తిరిగి వచ్చాను. ఆయన తల ఎత్తకుండానే "తర్వాత ఎవరు సిస్టర్?" అన్నారు.

"నేనే సార్."

పేషెంటు కుర్చీలో కూర్చున్నాను. అది మరీ కిందికి ఉంటుందని ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. ఆయన నిన్నటి కాగితం తీసి చూసి, పక్కన పెట్టి, కొత్తది తీశారు. ఇద్దరికీ నోటికి వచ్చిన ప్రశ్నలే. అయినా ఒకటి నుంచి మొదలుపెట్టి, మాట మింగకుండా అడిగారు. తొమ్మిదో ప్రశ్న అడిగి ఆగారు. చాలాసేపు ఆగారు. బయట ఎవరో తలుపు కొట్టారు, ఆయన అటు చూడలేదు. నేను ఏ పేషెంటుకీ అంతసేపు ఇవ్వలేదు.

"ఉంది సార్" అన్నాను. "రేపటికి."

ఏప్రిల్ 6, సాయంత్రం

స్త్రీల వార్డు. పదకొండో మంచం. నిన్నటిదాకా దీని దుప్పటి నేనే మార్పించేదాన్ని.

అత్తయ్య వచ్చింది. ఎవరో చెప్పి తీసుకొచ్చారు. రాగానే తిట్టింది, వార్డు వార్డంతా వినేలా. "నాకు చెప్పడానికి ఏం రోగమే నీకు? ఒక్క కొడుకుని మోసుకెళ్ళాను, సరిపోలేదా?" తర్వాత నా పక్కన మంచం మీద కూర్చుని ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుంటే నాకు ఏమీ అనిపించలేదు. ఏదైనా అనిపించాలి అని మాత్రం అనిపించింది. వెళ్ళేటప్పుడు, రేపు కూతురింటికి పోయేది లేదని, పొద్దున్నే వచ్చి ఇక్కడ కూర్చుంటానని చెప్పింది. ఎవరైనా ఆపితే వాళ్ళ పని పడతానంది.

మాత్ర ఆపరు. ఉన్నపళంగా ఆపితే మంచిది కాదు. ఇక మీదట రోజూ చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడి చూస్తారు. ఇంకో రెండు మూడు వారాల్లో మనసుకి కూడా ఎక్కొచ్చు అన్నారు డాక్టరు. ఎక్కకపోతే వేరేది చూద్దామన్నారు. నాకు నమ్మకం లేదు. నమ్మకం లేకపోయినా మింగొచ్చు, మందుకి నమ్మకంతో పని లేదని నేనే ఎంతమందికో చెప్పాను.

సిగ్గుగా ఉంది. భారం దిగలేదు. రేపు ఆదివారం అన్న మాట తలచుకుంటే ఇప్పటికీ గుండె అటే లాగుతోంది. అది కూడా చెప్పాను. రాసుకున్నారు.

చిన్న సిస్టర్ వచ్చి మంచం పక్కన నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. నిన్నటి కాగితం గురించి ఏదో అనబోయింది, అనలేకపోయింది. "నీ తప్పు లేదు" అందామనుకున్నాను. నాకు ఆ మాట అన్నవాళ్ళు నాకేం మేలు చేశారో గుర్తొచ్చి, అనలేదు. "ఈసారి మొహం చూసి అడుగు" అన్నాను. తల ఊపింది.

ఇంకా నిలబడే ఉంది. చెయ్యి చాపింది. "సిస్టర్, పెన్ను" అంటోంది. ఈ వార్డులో పేషెంట్ల దగ్గర పెన్నులు ఉండకూడదు. ఆ నియమం గోడ మీద ఉంది, నా చేతి రాతే. ఇచ్చేస్తు